పాత ల్యాండ్ క్రూజర్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సర్వీస్: ఆయిల్ కంటే పాన్ విప్పడమే ముఖ్యం

ముందే చెప్పేస్తాను, ఈ సర్వీస్‌కు నేను ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద వస్తుంది. బండి 80 సిరీస్ ల్యాండ్ క్రూజర్, 4.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఫుల్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, ఏ442ఎఫ్ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్. మొండి గేర్‌బాక్స్, చూసుకుంటే ఇంజిన్‌తో పాటే బతుకుతుంది. చిక్కల్లా ఆ "చూసుకుంటే" దగ్గరే. నేను కొన్నప్పుడు సర్వీస్ పుస్తకంలో ఇంజిన్ ఆయిల్ మార్చిన ముద్రలు బోలెడు ఉన్నాయి, గేర్‌బాక్స్ గడి మాత్రం ఖాళీ. పాత ఓనర్‌ను అడిగితే "ఆటోమేటిక్‌కు ఏమీ చేయక్కర్లేదండి, అది సీల్డ్" అన్నారు. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ పెట్టి మరీ ఇచ్చిన గేర్‌బాక్స్ సీల్డ్ ఎలా అవుతుందో ఆయనకే తెలియాలి.

బండి నడుస్తోంది, కానీ చిన్న చిన్న తేడాలు ఉన్నాయి. పొద్దున్నే చల్లటి బండిలో రివర్స్ వేస్తే వెంటనే పట్టదు, ఒక క్షణం ఆగి అప్పుడు కదులుతుంది. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఆర్‌పీఎం కాస్త పైకి ఎగిరి మళ్లీ దిగుతుంది, ముఖ్యంగా చిన్న ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ సగం నొక్కి ఉన్నప్పుడు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ ఎరుపు పోయి గోధుమ రంగుకు తిరిగింది కానీ మాడు వాసన లేదు. ఈ వాసన సంగతి గుర్తు పెట్టుకోండి, రంగు కంటే అదే పెద్ద సాక్ష్యం. ఆయిల్‌లో ఎరుపు అనేది కంపెనీ కలిపిన రంగు మాత్రమే, లీకైతే ఏ ఆయిలో గుర్తుపట్టడానికి. అది వెలిసిపోయినంత మాత్రాన గేర్‌బాక్స్ పోయిందని కాదు. నల్లగా అయి, మాడిన వాసన కొట్టి, తెల్ల కాగితం మీద చుక్క వేస్తే మధ్యలో నల్లటి నలుసు మిగిలిందంటే మాత్రం లోపల క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టే.

తీసుకెళ్లింది ఆటోమేటిక్ గేర్‌బాక్సులు మాత్రమే విప్పే ఒక వర్క్‌షాప్‌కు. పేరు అడగొద్దు, పని గురించే రాస్తున్నాను.

వెళ్లగానే కౌంటర్ దగ్గర ఉన్నాయన మొదట అన్న మాట "మెషీన్ ఫ్లష్ చేసేద్దామండి, గంటలో బండి తీసుకెళ్లొచ్చు" అని. గేర్‌బాక్స్ నుంచి, ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌కు వెళ్లే పైపు విప్పి మధ్యలో ఒక యంత్రం తగిలిస్తారు, ఇంజిన్ ఆన్‌లో ఉండగా పాత ఆయిల్ ఒక వైపు బయటికి వస్తుంటే కొత్తది ఇంకో వైపు లోపలికి పోతుంది. దాదాపు మొత్తం ఆయిల్ మారిపోతుంది, చేతికి మట్టి అంటదు. అందులో తప్పేమీ లేదు, చరిత్ర తెలిసిన బండికి, క్రమం తప్పకుండా ఆయిల్ మార్చిన బండికి హాయిగా చేయించుకోవచ్చు. కానీ చరిత్ర తెలియని పాత బండికి నేను వద్దంటాను, ఎందుకంటే యంత్రం తగిలించినప్పుడు పాన్, అంటే గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి, విప్పరు. పాన్ విప్పకపోతే ఫిల్టర్ అక్కడే ఉంటుంది, మ్యాగ్నెట్లకు పట్టుకున్న మడ్డి అక్కడే ఉంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా లోపల ఏం అరుగుతోందో ఎవరికీ తెలియదు. నేను డబ్బు పెట్టింది ఆయిల్ మార్చడానికి కాదు, లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి. ఆ మాటే చెప్పాను. లోపల్నుంచి ఇంకో పెద్దాయన, అసలు మెకానిక్, బయటికి వచ్చి "అదే మంచిదండి, ముందు పాన్ దించుదాం, చూశాక మాట్లాడుకుందాం" అన్నాడు. అక్కడే నాకు టెన్షన్ సగం తగ్గింది.

ఇక్కడో అపోహ గురించి చెప్పాలి. "పాత గేర్‌బాక్స్‌లో కొత్త ఆయిల్ పోస్తే చచ్చిపోతుంది" అని చాలామంది భయపెడతారు. పూర్తిగా కట్టుకథ అని కొట్టేయలేం, అలాగని అదే నిజమూ కాదు. సాధారణంగా జరిగేది ఏమిటంటే, గేర్‌బాక్స్ స్లిప్ అవ్వడం మొదలయ్యాకే ఓనర్‌కు ఆయిల్ గుర్తొస్తుంది. అప్పటికే క్లచ్ ప్లేట్ల మీది పూత అరిగి ఆయిల్‌లో కలిసి ఉంటుంది, ఆ నలుసుతో నిండిన పాత ఆయిలే కొంత పట్టు ఇస్తూ ఉంటుంది. కొత్త ఆయిల్ పోయగానే ఆ కాస్తా పోతుంది, నింద ఆయిల్ మీద పడుతుంది. అంటే చావు అంతకుముందే మొదలైంది. మాడు వాసన కొడుతూ, డ్రైవ్‌లో పెట్టి నొక్కితే ఇంజిన్ అరుస్తూ బండి కదలని స్థితిలో ఉంటే ఆయిల్ మీద పైసా పెట్టకండి, ప్రెషర్ టెస్ట్ చేయించి ఓవర్‌హాల్ గురించి ఆలోచించండి.

సరే, పని దగ్గరికొద్దాం. డ్రెయిన్ ప్లగ్ విప్పే ముందు మెకానిక్ చేసిన మొదటి పని నాకు బాగా నచ్చింది. లీటర్ల గీతలున్న డబ్బా కింద పెట్టాడు. ఎంత దిగిందో తెలియకపోతే ఎంత పోయాలో ఎలా తెలుస్తుంది? ఈ గేర్‌బాక్స్‌లో మొత్తం సుమారు 15 లీటర్ల ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పడుతుంది, ప్లగ్ విప్పితే దిగేది సుమారు 6 లీటర్లు. మిగతాదంతా టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది), ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో నడిపే వాల్వ్ బాడీ దారుల్లో, కూలర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది. నా బండి నుంచి ఆ 6 కూడా రాలేదు, చెప్పుకోదగ్గంత తక్కువ వచ్చింది. బయట ఎక్కడా పెద్ద లీకు లేదు, కింద నేల మీద మరక కూడా పడేది కాదు. మరి ఆయిల్ ఎటు పోయింది? మెకానిక్ ఏమీ అనలేదు, డబ్బా వైపు చూసి తల పంకించాడంతే. జవాబు తర్వాత దొరికింది.

పాన్ బోల్టులు ఒక్కొక్కటే వదులు చేసి, ఒక మూల కిందికి దించి, అడుగున మిగిలిన ఆయిల్ వంపి, అప్పుడు మొత్తం దించాడు. నేను పక్కనే నిలబడి చూశాను, వద్దనలేదు. పాన్ అడుగున ఉండే మ్యాగ్నెట్ల మీద బూడిద రంగు పేస్ట్ దట్టంగా పేరుకుంది. వేలితో తీసి బొటనవేలికి రాసి చూపించాడు, కాటుకలా మెత్తగా ఉంది, గరుకు లేదు. "ఇలా ఉంటే భయం లేదండి. వేలికి గుచ్చుకుంటే భయపడాలి" అన్నాడు. ఉక్కు భాగాలు మామూలుగా అరిగితే వచ్చేది ఈ మెత్తటి పేస్టే. ముక్కలు, పెచ్చులు, సూదుల్లాంటి తునకలు కనిపిస్తే బేరింగో గేరో విరుగుతున్నట్టు. అందరూ మ్యాగ్నెట్ చూసి వదిలేస్తారు కానీ మ్యాగ్నెట్‌కు పట్టనివి కూడా ఉంటాయి, పసుపు పచ్చగా మెరిసే బుష్ రజను, తెల్లటి అల్యూమినియం, నల్లటి క్లచ్ పూత, ఇవి పాన్ అడుగున పడి ఉంటాయి. అందుకే అతను పాన్‌లో మిగిలిన ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద వంపి, ఎండలోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకటీ రెండు చోట్ల పచ్చటి మెరుపు, అంతే. నల్లటి పొడి కొంచెం. వయసుకు తగ్గట్టే ఉందని తేల్చాడు. ఈ గుడ్డ పని యంత్రం ఎప్పటికీ చేయదు.

ఫిల్టర్ మార్చారు, గాస్కెట్ మార్చారు. పాత గాస్కెట్ ముక్కలు అంచు మీద అతుక్కుని ఉంటే వాటిని ప్లాస్టిక్ గరిటెతో ఓపిగ్గా గీకాడు. ఇనుప బ్లేడు పెట్టి గీకితే అల్యూమినియం అంచు మీద గీతలు పడి తర్వాత అక్కడే చెమ్మ మొదలవుతుంది. పాన్ బోల్టులు బిగించడానికి చిన్న టార్క్ రెంచ్ తీశాడు. ఇది ఎందుకు ప్రత్యేకంగా రాస్తున్నానంటే, ఆ బోల్టులకు కావాల్సింది ఏడెనిమిది న్యూటన్ మీటర్లే. చక్రం నట్టుకు నూరు పైనే పెడతాం. చేతి బలం చూపించే వాళ్ల దగ్గర ఈ చిన్న బోల్టులు తెగిపోతాయి, లేదా పాన్ అంచు వంగి గాస్కెట్ పక్కకు పిండుకుపోతుంది. సర్వీస్ చేయించాక లీకు మొదలైందని మొత్తుకునే వాళ్లలో చాలామంది కథ ఇదే.

ఆయిల్ సంగతి. ఈ బండికి కంపెనీ చెప్పింది డెక్స్‌రాన్ 2, డెక్స్‌రాన్ అంటే జనరల్ మోటార్స్ పెట్టిన ఏటీఎఫ్ ప్రమాణం. ఇప్పుడు ఆ పేరుతో కొత్తది దొరకడం కష్టం, డెక్స్‌రాన్ 3 తరహా ఆయిల్ వాడుకోవచ్చు. మొదటి డెక్స్‌రాన్ 1967లో వచ్చినప్పుడు అందులో తిమింగలం నూనె కలిపేవారట అంటే నవ్వొస్తుంది కానీ నిజమే, క్లచ్ ప్లేట్లకు కావాల్సిన జారుడూ పట్టూ రెండూ దానితో బాగా కుదిరేవి. తిమింగలాల మీద ఆంక్షలు వచ్చాక వేరే రసాయనాలు వెతుక్కుని డెక్స్‌రాన్ 2 తయారు చేశారు. డెక్స్‌రాన్ 3 1993లో వచ్చింది, దాని లైసెన్సులు ఇవ్వడం జనరల్ మోటార్స్ 2006 చివర్లో ఆపేసింది. అంటే ఇప్పుడు డబ్బా మీద "డెక్స్‌రాన్ 3కి సరిపోతుంది" అని ఉంటే అది ఆ ఆయిల్ కంపెనీ ఇస్తున్న మాటే, పైనుంచి తనిఖీ చేసేవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి ఊరూ పేరూ లేని డబ్బా కొనకుండా పేరున్న కంపెనీది తీసుకోండి. కొత్తది కదా మంచిదని డెక్స్‌రాన్ 6 గానీ, టొయోటా కొత్త గేర్‌బాక్సులకు వాడే డబ్ల్యూఎస్ గానీ ఇందులో పోయించకండి. అవి పల్చటి ఆయిల్స్. అరిగిన పాత సీళ్లూ పాత పంపూ ఉన్న గేర్‌బాక్స్‌కు పల్చటి ఆయిల్ ఇచ్చి ప్రెషర్ తగ్గించుకోవడం ఎందుకు?

పాన్ బిగించి, దిగినంత పోసి, ఆ తర్వాత కూలర్ నుంచి వెనక్కి వచ్చే పైపు విప్పి దానికి పారదర్శకమైన గొట్టం తగిలించాడు. ఒకరు బండిలో, ఒకరు కింద. ఇంజిన్ స్టార్ట్ చేయగానే గోధుమ రంగు ధార డబ్బాలో పడుతుంది, లీటరున్నర దాకా రాగానే కింద ఉన్నాయన "ఆపు" అని కేక వేస్తాడు, ఇంజిన్ ఆపేసి అంతే కొత్త ఆయిల్ డిప్‌స్టిక్ గొట్టంలోంచి పోస్తారు, మళ్లీ స్టార్ట్. ఇలా చేస్తూ పోతే గొట్టంలో రంగు మెల్లగా మారుతూ చివరికి కొత్త ఆయిల్ ఎరుపు కనబడుతుంది. యంత్రం చేసే పనే ఇది, కాకపోతే గేర్‌బాక్స్ తన సొంత పంపుతో తనే చేసుకుంటుంది, బయటి ఒత్తిడి ఏమీ ఉండదు. ఒక్కటే జాగ్రత్త, మధ్యలో ఆపకుండా నడిపితే పాన్ ఖాళీ అయి పంపు గాలి లాగుతుంది, అందుకే ఆ "ఆపు" కేక వేసేవాడు ఫోన్ చూసుకునే రకం కాకూడదు.

ఇది వద్దు అనుకునేవాళ్లు ప్లగ్ విప్పి దిగినంత మార్చి, కొన్ని వారాలు నడిపి మళ్లీ అదే చేయొచ్చు. 15లో 6 లీటర్లు మారిస్తే 40 శాతం కొత్తది అవుతుంది, రెండోసారికి 64 శాతం, మూడోసారికి సుమారు 78 శాతం. నిదానం, సురక్షితం, ఇంట్లో కూడా చేసుకోవచ్చు. ఆయిల్ మాత్రం ఎక్కువ ఖర్చవుతుంది.

ఇప్పుడు ఆ పోయిన ఆయిల్ సంగతి. నేను అడిగింది గేర్‌బాక్స్ సర్వీస్ మాత్రమే. మెకానిక్ తనంతట తానే "ఫోర్ వీల్ బండి కదండీ, ట్రాన్స్‌ఫర్ కేస్ కూడా ఒకసారి చూద్దాం" అని దాని ఫిల్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం మూత) విప్పాడు. ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే గేర్‌బాక్స్ వెనక ఉండి బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె. డ్రెయిన్ ప్లగ్ కాదు, పైన ఉండే ఫిల్ ప్లగ్. ముందు అదే విప్పాలి, ఎందుకంటే కింద మొత్తం వదిలేశాక పైది జామ్ అయి రాకపోతే ఆయిల్ లేని బండి లిఫ్ట్ మీద మిగులుతుంది. మామూలుగా ఆ ప్లగ్ విప్పితే ఆయిల్ సరిగ్గా రంధ్రం అంచు దాకా ఉండాలి, మహా అయితే ఒక చుక్క జారాలి. నా బండిలో ప్లగ్ ఇంకా చేతిలోకి రాకముందే ఆయిల్ ఉరికి వచ్చి అతని మోచేతి దాకా కారింది. పల్చగా ఉంది, ఎర్రటి జీర ఉంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఉండాల్సింది 75డబ్ల్యూ90 గేర్ ఆయిల్, చిక్కగా, గంధకం కంపు కొడుతూ ఉంటుంది. ఇందులో ఆ కంపు సగం చచ్చిపోయి ఉంది.

గేర్‌బాక్స్‌కూ ట్రాన్స్‌ఫర్ కేస్‌కూ మధ్య ఒక సీలు ఉంటుంది. ఈ 80 సిరీస్‌లో అది గట్టిపడి వదిలేయడం తెలిసిన జబ్బే. వదిలేస్తే ఏటీఎఫ్ నెమ్మదిగా ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి చేరుతుంది, బయటికి ఒక్క చుక్క కూడా కారదు. ఓనర్‌కు నేల శుభ్రంగా కనిపిస్తుంది, లీకు లేదని నిశ్చింతగా ఉంటాడు, లోపల గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గి రివర్స్ ఆలస్యంగా పడుతుంటుంది, అటు ట్రాన్స్‌ఫర్ కేస్‌లో గేర్ ఆయిల్ పల్చబడి దాని గేర్లూ బేరింగులూ అరుగుతుంటాయి. ఒక్క సీలుతో రెండు పెట్టెలకూ చేటు. ఉత్త ఆయిల్ మార్చి పంపించి ఉంటే రెండు మూడు నెలలు బాగానే ఉండేది, మళ్లీ మొదటికొచ్చేది, నేను ఇంకో వర్క్‌షాప్ వెతుక్కునేవాణ్ణి. ఈ సర్వీస్‌కు నేనిచ్చిన నాలుగులో రెండు ఈ ఒక్క ప్లగ్‌కే.

సీలు ఖరీదు పెద్దదేమీ కాదు, పనే పెద్దది, ట్రాన్స్‌ఫర్ కేస్ దించాలి, ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పాలి. ఆ రోజుకు ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ పూర్తిగా తీసేసి కొత్తది పోశారు, రెండు చోట్లా మట్టం రాసి ఇచ్చారు, తరచుగా చూస్తూ ఉండమన్నారు. తొందరపెట్టి ఆ రోజే చేయించుకోమని ఒత్తిడి చేయలేదు, అదీ చెప్పాలి.

మీ బండి ఇదే కాకపోతే ఒక మాట. అన్ని ఫోర్ వీల్ బళ్ల ట్రాన్స్‌ఫర్ కేసులకూ గేర్ ఆయిల్ పోయరు. పాత జీప్ చెరోకీలలో ఎన్‌పీ231, ఎన్‌పీ242 ట్రాన్స్‌ఫర్ కేసులకు ఏటీఎఫ్ పడుతుంది, అందులో ఎరుపు కనబడితే కంగారు పడక్కర్లేదు. మాన్యువల్ చూసి పోయించండి, మెకానిక్ జ్ఞాపకాన్ని నమ్మి కాదు.

రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఆర్‌పీఎం ఎగరడం గురించి చెప్పాను కదా. ఆయిల్ మట్టం సరైనా అది పూర్తిగా పోలేదు. అప్పుడు కిక్‌డౌన్ కేబుల్ చూశారు. కొత్త బళ్లలో ఇదంతా కంప్యూటర్ చూసుకుంటుంది కానీ ఈ తరం గేర్‌బాక్స్‌లో థ్రాటిల్ దగ్గర్నుంచి గేర్‌బాక్స్‌లోకి ఒక కేబుల్ వెళ్తుంది, మనం ఎంత నొక్కామో దాన్నిబట్టి లోపల ప్రెషర్ పెరుగుతుంది. కేబుల్ వదులైతే ప్రెషర్ తక్కువ, క్లచ్‌లు జారుతూ పడతాయి, జారిన ప్రతిసారీ కొంచెం కాలతాయి. మరీ బిగువైతే గేర్లు ఆలస్యంగా, తన్నినట్టు మారతాయి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని చూస్తే కేబుల్ మీది చిన్న స్టాపర్‌కూ, కేబుల్ తొడుగు చివరకూ మధ్య సందు 0 నుంచి 1 మిల్లీమీటర్ లోపు ఉండాలి. నా దాంట్లో స్పష్టంగా అంతకంటే ఎక్కువ ఉంది. రెండు నట్లు వదులు చేసి సరిచేశారు, టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఆ తర్వాత ఎత్తు మీద అదే చోట నడిపి చూస్తే ఎగరడం దాదాపు పోయింది. కొత్త పార్టు లేదు, ఆయిల్ లేదు, ఉత్త సర్దుబాటు. ఇది చూడకుండా "వాల్వ్ బాడీ పోయింది" అని చెప్పే చోట్లు కూడా ఉంటాయి మరి.

ఇక ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానంటే. ఆఖర్న ఆయిల్ మట్టం చూడడంలో తొందరపడ్డారు. ఇంజిన్ ఇంకా గోరువెచ్చగా ఉండగానే, పెద్దాయన వేరే బండి కింద ఉన్నప్పుడు, కుర్ర మెకానిక్ డిప్‌స్టిక్ తీసి హాట్ గీత దాకా పోసేసి "అయిపోయిందండి" అన్నాడు. హాట్ గీత చూడాల్సింది ఆయిల్ 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడు, బండి సమంగా నిలబెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, బ్రేక్ తొక్కి పట్టి లివర్‌ను అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి మళ్లీ పార్క్‌లోకి తెచ్చాక. వేడెక్కితే ఆయిల్ వ్యాకోచిస్తుంది, గోరువెచ్చగా ఉన్నప్పుడు హాట్ గీతకు పోస్తే వేడెక్కాక అది దాటిపోతుంది. ఎక్కువైతే నష్టమేముందిలే అనుకుంటారు, కానీ తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, నురగలో ప్రెషర్ నిలబడదు, బ్రీదర్‌లోంచి (గేర్‌బాక్స్‌కు గాలి ఆడే గొట్టం) బయటికి కూడా కక్కుతుంది. కాసేపు నడిపి వచ్చి మళ్లీ చూడండి అని నేనే పట్టుబట్టాల్సి వచ్చింది. నడిపి వచ్చాక గీత దాటే ఉంది, డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నటి ట్యూబ్‌తో అదనపు ఆయిల్ లాగేశారు. మారు మాట్లాడకుండా చేశారు, నిజమే, కానీ నాకు తెలియకపోతే?

ఇంకో రెండు చిన్నవి. బిల్లులో "ఏటీఎఫ్" అని మాత్రమే రాశారు, ఏ స్పెసిఫికేషన్, ఏ బ్రాండ్ అన్నది అడిగి రాయించుకున్నాను. మీరూ రాయించుకోండి, తర్వాత కొంచెం తగ్గి పై పోత పోయాలంటే ఏది పోయాలో అదే చెబుతుంది. రెండోది బ్రీదర్ గొట్టం. నీళ్లలో దిగే బండికి ఇది చాలా ముఖ్యం. వేడిగా ఉన్న గేర్‌బాక్స్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని బయటినుంచి లాగుతుంది, గొట్టం ఊడిపోయో పగిలో ఉంటే గాలి బదులు నీళ్లు లాగుతుంది. నీళ్లు చేరిన ఏటీఎఫ్ గులాబీ రంగు పాలలా తయారవుతుంది, క్లచ్ ప్లేట్ల మీది పూతను అంటించిన జిగురు వదిలేస్తుంది. రేడియేటర్ లోపల ఉండే కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసినా ఇదే గతి, కాబట్టి ముసలి రేడియేటర్ ఉన్నవాళ్లు దాన్ని కూడా అనుమానించాలి. నేను అడిగాకే బ్రీదర్ గొట్టం చూశారు, చివర మట్టితో మూసుకుపోయి ఉంది. ఊది శుభ్రం చేసి పెట్టారు. ఫోర్ వీల్ బళ్లు చూసే చోట ఇది అడిగించుకోకూడదు.

ఇప్పుడు బండి ఎలా ఉందంటే, రివర్స్ వేయగానే పడుతోంది, చల్లగా ఉన్నా సరే. మార్పులు మెత్తగా ఉన్నాయి, కొత్త బండిలా కాదు, ఆ మాట ఎవరైనా చెబితే నమ్మకండి. లో రేంజ్‌లో (ట్రాన్స్‌ఫర్ కేస్‌లో నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే స్థానం) నిటారు దారి మీద మెల్లగా దిగేటప్పుడు ముందు ఉన్న చిన్న కుదుపు పోయింది. పొద్దున్నే కొంతసేపు నాలుగో గేర్ పడకపోవడం మాత్రం అలాగే ఉంది, అది జబ్బు కాదు, ఇంజిన్ వేడెక్కేదాకా ఓవర్‌డ్రైవ్ రానివ్వకుండా కంపెనీ పెట్టిన ఏర్పాటే. తెలియక దీనికోసం సోలెనాయిడ్లు (గేర్లు మార్చే విద్యుత్ వాల్వులు) మార్పించుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

ఎవరు చేయించుకోవాలి అంటే, పాత ఆటోమేటిక్ ఫోర్ వీల్ బండి కొన్న ప్రతి ఒక్కరూ, చరిత్ర తెలియకపోతే మొదటి నెలలోనే. ఇసుకలో నడిపేవాళ్లు, ట్రైలర్ లాగేవాళ్లు, లో రేంజ్‌లో గంటల తరబడి గుట్టలెక్కేవాళ్లు ఆయిల్‌ను వండినట్టే లెక్క, బండి నెమ్మదిగా పోతుంటే కూలర్‌కు గాలి తగలదు, టార్క్ కన్వర్టర్ మాత్రం వేడి పుట్టిస్తూనే ఉంటుంది. డాష్‌బోర్డులో ఏటీ ఆయిల్ టెంపరేచర్ లైటు ఉంది కదా వెలిగినప్పుడు చూద్దాంలే అనుకోకండి, అది వెలిగేసరికే ఆయిల్ మితిమీరి కాగి ఉంటుంది. అలాంటి వాడకానికి నేను 40 వేల కిలోమీటర్లకోసారి మార్పిస్తాను, మామూలు రోడ్డు బండికైతే దానికి రెట్టింపు దాకా ఆగొచ్చు. కూలీ ఆయిల్ కంటే ఎక్కువే అయింది, నాకేం బాధ లేదు, పాన్ దించి గుడ్డ మీద వంపి చూసినదానికే ఆ కూలీ.

వెళ్లే ముందు మూడు ప్రశ్నలు అడగండి. పాన్ విప్పుతారా, పాత ఫిల్టర్ నాకు చూపిస్తారా, మట్టం వేడి మీద చూస్తారా. మూడింటికీ తడుముకోకుండా అవునంటే బండి వదలొచ్చు. ట్రాన్స్‌ఫర్ కేస్ ఫిల్ ప్లగ్ మీరే గుర్తుచేయండి.

సీలు మార్పించే పని వచ్చే నెలకు మాట్లాడుకున్నాను, అదే చోట, ఈసారి పెద్దాయన చేత్తోనే కావాలని చెప్పి. అప్పటిదాకా రెండు మట్టాలూ చూస్తున్నాను, గేర్‌బాక్స్‌ది ఇప్పటికి గీత దాటి కిందికి దిగలేదు. సీలు పని అయ్యాక దాని సంగతి కూడా దీని కిందే కలుపుతాను.